మైసమ్మ గేటు

నాచారంలో మా కంపెనీకి రెండు గేట్లున్నాయి. పెద్దది లారీలకీ బస్సులకీ మా అందరికీ. రెండోది వెనక సందులోకి తెరుచుకునే ఇనుప తలుపు. ఒక మనిషి కాస్త పక్కకు తిరిగి దూరేంత వెడల్పుంటుంది. దాన్ని మైసమ్మ గేటు అంటారు. ఆ తలుపు లోపల, ప్రహరీకీ క్యాంటీన్ గోడకీ మధ్య, నడుమెత్తు గుడి ఒకటుంది. దాని గోడలకు పసుపు, ఎరుపు పట్టీలు. బోనాలప్పుడు ఒక్క ఆదివారం ఊరి ఆడవాళ్ళ కోసం ఆ తలుపు తీసేవాళ్ళు. మిగతా ఏడాదంతా తాళమే.

ఆ తాళాన్ని రోజూ తీయించిన మనిషి లింగమ్మ.

లింగమ్మకు అరవై దాటాయి. ఆమె అత్తగారి ఊరు ఈ నాచారమే. ఇప్పుడు మా ప్యాకింగ్ హాలున్న చోట ఒకప్పుడు వాళ్ళ ద్రాక్ష తోట ఉండేదట. కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే తోట అమ్మేశారు. ప్రహరీ కట్టడానికి పునాది తవ్వుతుంటే ఆమె అత్త ఆ గుంతలో దిగి నిలబడిందట. "జాగ అమ్మినం గని అమ్మవారి తొవ్వ అమ్మలే" అన్నదట. ఆమె పైకి రాలేదు, మేస్త్రీ రాయి వేయలేకపోయాడు. చివరికి అక్కడ గోడ ఆపి తలుపు పెట్టారు. ఈ సంగతి చెప్పేటప్పుడు లింగమ్మ గొంతులో అత్త మీద ప్రేమేమీ వినబడదు. "మస్తు సతాయించింది నన్ను. గా ఒక్క పని మాత్రం మంచిగ జేసింది" అంటుంది.

వెనక సందులోనే లింగమ్మ ఇల్లు. ముందు గదిలో దూలానికి పాత చీరలతో ఉయ్యాలలు కట్టి, ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళ పిల్లల్ని చూసుకుంటుంది. మా పాప స్నిగ్ధను కూడా నేను అక్కడే వదిలేదాన్ని. మా ఆయనది రైల్వేలో షిఫ్టుల ఉద్యోగం. అంబర్‌పేట్‌లో ఉండే మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఉప్పల్‌లో మా అపార్ట్‌మెంట్ కింద ఒక క్రెష్ ఉంది, గోడ నిండా కార్టూన్ బొమ్మలున్నాయి, కానీ అక్కడ పిల్ల ఏడిస్తే నాకు ఫోన్లో వీడియో కనబడుతుందే తప్ప చేరడానికి గంట పడుతుంది. లింగమ్మ ఇల్లు నేను పనిచేసే ల్యాబ్ కిటికీకి ఎదురుగా, గోడ అవతలే.

ల్యాబ్‌లో నా పని మందుల్లో క్రిములున్నాయో లేవో చూడటం. రోజంతా సూక్ష్మజీవుల్ని పెంచి లెక్కపెట్టే మనిషి ఇంటికెళ్ళి పిల్ల పాలగిన్నె వైపు ఎలా చూస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. మొదటిరోజే లింగమ్మకు సబ్బు, శానిటైజర్, థర్మామీటర్, ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఇచ్చాను. ఆమె సబ్బు ఉంచుకుని మిగతావి తిరిగి నా చేతిలో పెట్టింది.

"ల్యాబు బిడ్డా, పిల్లకు పాణం బాగలేకపోతే నీకు ఫోన్ జెయ్య. గోడ మీదికెల్లి కేకేస్త. నువ్వు ఉరికిరా."

మా ఇద్దరికీ మొదటి గొడవ నీళ్ళ దగ్గర వచ్చింది. అది ఏప్రిల్. లింగమ్మ చిన్న చెంచాతో పిల్లలందరికీ నీళ్ళు తాపిస్తోంది. నేను చెంచా పట్టుకుని ఆపాను.

"పెద్దమ్మా, ఆరు నెలల దాకా నీళ్ళు పట్టకూడదు. పాలలోనే కావలసినంత నీరుంటుంది."

"ఎండకు నోరెండుతది. నువ్వు మాత్రం గంత పెద్ద సీసా సంకల పెట్టుకొని తిరుగుతలేవా?"

"నా పొట్ట పెద్దది. వాళ్ళ పొట్ట ఇంతే." గుప్పిలి మూసి చూపించాను. "అది నీళ్ళతో నిండితే పాలకి చోటేది? నీళ్ళల్లో బలం లేదు, పైగా రోగాలొస్తాయి."

ఆమె నా గుప్పిటి వైపు చూసింది. మర్నాడు పొద్దున పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులందరి ముందూ నన్ను నిలబెట్టింది.

"ఇగో, ఈ బిడ్డ సైన్సు సదివింది. సన్నపిల్లలకు నీళ్ళు బంద్ అంటుంది. సరే, ఇయాల్టి నుంచి బంద్. పిల్లకు దూపైతే తల్లే పాలియ్యాలె. మరి తల్లేమో గోడ లోపట, పిల్లేమో గోడ బయట. ఏం జెయ్యాల్నో గది గూడ నువ్వే జెప్పాలె బిడ్డా."

నా సంగతి వేరు. నేను కంపెనీ ఉద్యోగిని, బ్యాడ్జి చూపిస్తే పెద్ద గేటు తెరుస్తారు, కాస్త ఆలస్యమైనా ఎవరూ అడగరు. ప్యాకింగ్ ఆడవాళ్ళు కాంట్రాక్టర్ మనుషులు. పిల్లకు పాలివ్వడానికి చట్టం రోజుకు రెండుసార్లు విరామం ఇస్తుంది. కాగితం మీద వాళ్ళకూ ఉంది. కానీ హాల్లోంచి బయటికి రావాలంటే గౌను, టోపీ, మాస్కు విప్పాలి, లాకరు దాకా నడవాలి, గేటు దగ్గర సోదా అవ్వాలి, ప్రహరీ చుట్టూ తిరిగి వెనక సందులోకి రావాలి. పిల్ల నోటికి రొమ్ము అందే వేళకి తిరిగి బయల్దేరే టైమవుతుంది.

త్రివేణి సంగతి ఇక్కడ చెప్పాలి. అన్నోజిగూడ నుంచి చంటిపిల్లాడిని ఎత్తుకుని బస్సులో వచ్చేది. వాడి పేరు సాత్విక్. మూడు నెలలు నిండగానే, ఇంకా రాకపోతే చోటు పోతుందని కాంట్రాక్టర్ కబురు చేస్తే పనిలో చేరింది. ఒకసారి ఇలాగే పాలివ్వడానికి వచ్చి ఆలస్యంగా వెళ్ళింది. రెండోసారి ఆలస్యమైతే సూపర్‌వైజర్ ఆ పూట ఇంటికి పంపేశాడు. ఇంకోసారైతే ఇక పనికి రావద్దన్నాడు. ఆమె పగలు పాలివ్వడానికి రావడం మానేసింది.

పిల్లాడు సీసా పట్టడు. నేను చెప్పానని త్రివేణి పొద్దున్నే పాలు పిండి గిన్నెలో పెట్టి వెళ్ళేది. గిన్నెలో పాలకు దిష్టి తగులుతుందని లింగమ్మ గొణిగేది, అయినా మూతపెట్టి జాగ్రత్తగా చెంచాతో పోసేది. వాడు ఉమ్మేసేవాడు. తల్లి వాసన లేని పాలు వాడికక్కర్లేదు. అలా చూస్తూ చూస్తూ ఉండగానే బుగ్గలు జారిపోయాయి. తొడల మీది మడతలు పోయాయి. బస్తీ దవాఖానాలో డాక్టరమ్మ వాడిని తూకం వేసి, "పగలంతా వీడు ఉపవాసమే చేస్తున్నాడా? పగలు కూడా తల్లి పాలే పట్టాలి. ఇలాగే ఉంటే పెద్దాసుపత్రిలో చేర్చాల్సొస్తుంది" అన్నది.

లోపల త్రివేణి పరిస్థితి ఇంకోలా ఉంది. చాయ్ గంట కొట్టగానే బాత్రూంలోకి పోయి, బరువెక్కిన రొమ్ముల్ని కప్పులోకి పిండుకునేది. చనుబాలు మోరీలో పోయకూడదని వాళ్ళమ్మ చెప్పిందట. అందుకని ఆ కప్పు తెచ్చి క్యాంటీన్ ముందున్న క్రోటన్ కుండీలో పోసేది. గోడకి అటు ఆకలితో పిల్లాడు, ఇటు పాలు తాగే క్రోటన్ మొక్క. నేనది ల్యాబ్ కిటికీలోంచి చూశాను. ఆ సాయంత్రం లింగమ్మకు చెప్పాను.

లింగమ్మ ఉయ్యాల ఊపుతూ చెప్పుకొచ్చింది.

"పరాయోళ్ళ తోటల కూలికి పోయి, నా పెద్దబిడ్డను ద్రాక్ష గంపల పండబెట్టుకొని పనిజేసిన. పిల్ల ఏడ్సేది. మేస్త్రీ సాలు దాటనియ్యకపోయేటోడు. ఆని మాట ఇన్లే, పోయి పాలిచ్చిన, ఆ పూట కూలి కట్ జేసిండు, చేస్కో అన్న. ఏడ్సే పిల్లను ఇనుకుంట పనిజేసుడు నాకు రాదు. వీళ్ళకెట్ల వస్తుంది?"

"వాళ్ళకీ రాదు పెద్దమ్మా. పని పోతే తిండెట్లా అని."

"అవ్. గదే కదా కంపెనోళ్ళ ధైర్యం. ఆడోళ్ళకు తిండి ఫికరుంటదని."

మర్నాడు సాత్విక్‌ని భుజాన వేసుకుని ఆమె పెద్ద గేటుకొచ్చింది. గేటు దగ్గర దుర్గేష్ ఉన్నాడు. బీహార్ నుంచి వచ్చిన సెక్యూరిటీ మనిషి, తెలుగు బాగానే నేర్చుకున్నాడు.

"అమ్మా, బచ్చాకి లోపల పర్మిషన్ లేదు."

"నీకున్నదా కొడుకా?"

"నేను డ్యూటీ."

"వీనిది గూడ డ్యూటీనే. పాలు తాగే డ్యూటీ. పిలువు మీ సారును."

సారు అంటే అడ్మిన్ మేనేజర్ చలపతిరావు. మంచి మాటకారి. నుదుట బొట్టు, శుక్రవారం మిషన్లకు కొబ్బరికాయ కొట్టకుండా పని మొదలు పెట్టనివ్వడు. ఆయన నవ్వుతూ వచ్చాడు. వెనకే నేనూ దిగాను.

"లింగమ్మా, మాకూ పిల్లలున్నారు. మాకు తెలియదా? కానీ ఇది మందుల కంపెనీ. రూల్స్ ఉంటాయి. మొన్న ఆ త్రివేణి గౌను మీద పాల మరకలు, మొత్తం లైను ఆపాల్సొచ్చింది."

"సార్, మరక పడకూడదంటే ఆమెని పాలివ్వనివ్వాలి కదా. అసలు ఇంతమంది పనిచేసే చోట క్రెష్ కూడా ఉండాలి" అన్నాను.

ఆయన నవ్వు తగ్గలేదు. "అమ్మా, మీరు ల్యాబు చూసుకోండి. వాళ్ళు కాంట్రాక్టర్ మనుషులు, మన రోల్స్‌లో లేరు." ముందే తెప్పించి పెట్టిన ఒక డబ్బాని దుర్గేష్ బల్ల కిందినుంచి తీయించాడు. పాలపొడి డబ్బా, పైన బొద్దుపిల్లాడి బొమ్మ. "ఇదిగో, మా తరఫున. ఇంకా కావాలన్నా తెప్పిస్తా. దీంతో ఎవరికీ బాధుండదు."

లింగమ్మ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. మూత కూడా తీయకుండా బల్ల మీదే పెట్టేసింది.

"సారు, తల్లి సచ్చిపోతే గిది తీస్కపోదును. తల్లి లోపట పాలు చెట్టుకు పోస్తుంటే, నేను బయట పొడి కలుపుకుంట కూసుండాల్నా?"

"మరేం చేయమంటావ్? పిల్లల్ని లోపలికి రానివ్వడం కుదరదు."

ఆమె సాత్విక్‌ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"సరే. పాల ముచ్చట ఇడ్సిపెట్టు. నాకు మైసమ్మ కాడ మొక్కున్నది."

చలపతిరావు మొహంలో నవ్వు అప్పుడు సడలింది.

"ఏం మొక్కు?"

"పొల్లగాడు సన్నగైతుండు. వీన్ని రోజు అమ్మవారికి సూపిస్తనని మొక్కిన. ఏడాది నిండేదాక. రెండు పూటల. తల్లితోటి కలిసి. తొవ్వ మాది, మీ కంపెనీ పెద్దలు మా అత్తకు మాటిచ్చిన్రు. కావాలంటే ఊర్ల అడుగు."

"రోజూనా? ఏ టైముకి?"

"చాయ్ గంట కొట్టినప్పుడు."

"చాయ్ గంటకే ఎందుకు? పొద్దున్నే వచ్చి దండం పెట్టుకుపోవచ్చుగా."

"అమ్మవారికి గప్పుడే పుర్సతుంటది సారు."

దుర్గేష్ దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. చలపతిరావు నా వైపు చూశాడు. నేను గుడి ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టాను. నాకు దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రం, ఆ క్షణంలో మాత్రం చాలా ఉంది.

ఆ మధ్యాహ్నమే మైసమ్మ గేటు తాళానికి నూనె పోశారు. చాయ్‌కి ఎలాగూ అందరూ గౌన్లు విప్పేసే వస్తారు. క్యాంటీన్ పక్కనే గుడి. త్రివేణి చేతులు కడుక్కుని పరుగున వచ్చింది. లింగమ్మ పిల్లాడిని గుడి ముందు ఒక్కసారి వంచి, "సూసినవా తల్లీ, సూసినవు కదా, ఇగ సాలు" అని త్రివేణి ఒళ్ళో పెట్టింది. వాడు మొదట తల తిప్పుకున్నాడు. అలిగినట్టు ఏడ్చాడు. తరువాత వాసన పట్టాడు. ఆ తరువాత గుటకల చప్పుడు తప్ప ఏమీ లేదు. త్రివేణి గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఆమె చాయ్ చల్లారిపోతుంటే లింగమ్మే తాగేసింది.

రెండో రోజు ఇంకో తల్లి వచ్చింది. వారం తిరక్కుండా లింగమ్మ ఉయ్యాలల్లోని చంటిపిల్లలందరికీ మొక్కులు పుట్టాయి. లింగమ్మ ఒకరిని సంకన, ఒకరిని భుజాన, మిగిలిన వాళ్ళను తన పెనిమిటి రామచంద్రయ్య చేతుల్లో పెట్టి ఊరేగింపులా తెచ్చేది.

"గీ మొక్కులన్ని ఎప్పుడు మొక్కినవే? నాకొక్కటి తెల్వదు" అన్నాడు రామచంద్రయ్య ఒకరోజు, నా ముందే.

"నిలబడ్డ కాడనే మొక్కిన. ముందుగాల నీ దస్కతు గావాల్నా? నడువు, పొల్లగాని మెడ పట్టు మంచిగ."

నా భయాలు నావి. అక్కడి గాలి ఎలాంటిదో, క్యాంటీన్ ఈగలెన్నో, పక్కనే ఉన్న జనరేటర్ పొగ ఏమిటో అన్నీ లింగమ్మ ముందు పెట్టాను. ఆమె అన్నీ విని, "పొగ ముచ్చట నిజమే. అది నువ్వు సూడు. ఈగల ముచ్చట నేను సూస్త" అన్నది. ఆమె చేటంత పాత కాలెండర్ అట్టతో ఈగల్ని తోలింది. నేను మెయింటెనెన్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, రోజూ చాయ్ వేళకు చేసే జనరేటర్ పరీక్షని వేరే వేళకు మార్చేదాకా వాళ్ళ గదిలోంచి కదలలేదు. ఇంజనీర్లు నవ్వారు. నవ్వనీ. పరీక్ష మారింది.

కొన్ని వారాలు గడిచాక చలపతిరావు తాళం మార్చాడు. కొత్త తాళంచెవి తన ఆఫీసులో పెట్టుకుని, పండగ రోజుల్లో తప్ప ఆ తలుపు తీయరాదని నోటీసు అంటించాడు. ఆ రోజు చాయ్ గంట కొట్టింది. లోపల తల్లులు తలుపు దగ్గరకొచ్చారు. బయట లింగమ్మ నిలబడి ఉంది. మధ్యలో ఇనుప తలుపు. సాత్విక్ అప్పటికే గంట చప్పుడుకు అలవాటు పడ్డాడు. గంట మోగి పాలు రాకపోయేసరికి గుక్కపట్టాడు. ఆ ఏడుపు విని ఉయ్యాల బ్యాచీ అంతా అందుకుంది.

త్రివేణి చెంగు పాలతో తడిసిపోతోంది. ఆమె చేతిలో స్టీలు గ్లాసుంది. ఆమె దాంతో తలుపు మీద కొట్టింది. పక్కనున్నామె కొట్టింది. పిల్లలు లేనివాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళైపోయిన వాళ్ళు, పెళ్ళి కాని అమ్మాయిలు క్యాంటీన్ బల్లల మీంచి గ్లాసులతో లేచొచ్చారు. క్యాంటీన్ వంటామె గరిటె తెచ్చింది. నేను ల్యాబ్ కోటులోనే వచ్చి, చేతికి దొరికిన ప్లేటుతో కొట్టాను. ఎవరూ నినాదాలివ్వలేదు. ఇనుము మీద స్టీలు చప్పుడు, గోడ అవతల పిల్లల ఏడుపు, అంతే. చాయ్ టైం అయిపోయినట్టు గంట కొట్టింది. ఎవరూ లోపలికి పోలేదు. ప్యాకింగ్ లైను ఖాళీగా తిరిగింది.

చలపతిరావు తాళంచెవితో స్వయంగా వచ్చాడు. తలుపు తీశాడు. ఏడుస్తున్న పిల్లాడితో లింగమ్మ ఎదురుగా నిలబడింది.

"ఇది పద్ధతి కాదు లింగమ్మా. దేవుడి పేరు చెప్పి బెదిరిస్తున్నావు."

"నేను బెదిరిస్తలేను సారు. అమ్మవారు లోపట, బిడ్డ బయట. తాళం నువ్వేసినవు. ఎవలు ఎవలను బెదిరించిన్రు?"

ఆయన పక్కకు జరిగాడు. ఆ తలుపు సన్నం. పక్కకు జరగకుండా ఎవరికీ దారి దొరకదు.

ఆ సాయంత్రం చలపతిరావూ పైవాళ్ళూ నన్ను ఆఫీసుకు పిలిచి, చదువుకున్న మీరు కూడా ఇలాగేనా అన్నారు. చదువుకున్నాను కాబట్టే అన్నాను. పాలివ్వడానికి విరామం పిల్లకు పదిహేను నెలలు వచ్చేదాకా ఉంటుందని, అది కాంట్రాక్టర్ మనుషులకూ వర్తిస్తుందని చెప్పి, రాతపూర్వకంగా కావాలంటే రాసిస్తానన్నాను. వాళ్ళు వద్దన్నారు. నోటీసు చింపలేదు, తాళం మళ్ళీ వేయలేదు. ఇంటికెళ్తూ ఇదంతా లింగమ్మకు చెప్పాను. "పదిహేనా?" అని అడిగి ఊరుకుంది.

సాత్విక్ దవాఖానా తక్కెట్లో మెల్లగా బరువెక్కాడు. ఆరు నెలలు దాటాక లింగమ్మ వాడికి మెత్తగా చిదిమిన పప్పన్నం, నెయ్యి పెట్టడం మొదలుపెట్టింది. ఉప్పు దగ్గర మేమిద్దరం మళ్ళీ పోట్లాడుకున్నాం. ఆ విషయంలో ఆమె ఇప్పటికీ నా మాట పూర్తిగా వినలేదు. వాడు గుడి గోడ పట్టుకుని నిలబడటం నేర్చాడు. గుడి ముందు నిలబడి తల్లి కోసం క్యాంటీన్ తలుపు వైపు చూసేవాడు.

వాడి మొదటి పుట్టినరోజున చాయ్ గంటకు చలపతిరావు కూడా వచ్చాడు. చేతిలో కొబ్బరికాయ, పూలు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

"మొత్తానికి మొక్కు తీరింది లింగమ్మా. పిల్లాడు బాగున్నాడు. అమ్మవారి దయ. మిగతా పిల్లలు కూడా పెద్దవాళ్ళయ్యారు. రేపటి నుంచి ఎప్పటిలాగే తాళం వేసుకుందాం. ఏమంటావ్?"

లింగమ్మ ఆయన చేతిలోంచి కొబ్బరికాయ తీసుకుని ఒక్క దెబ్బకు పగలగొట్టింది. ఒక చెక్క అమ్మవారి ముందు పెట్టి, రెండోది ఆయనకిచ్చింది. తరువాత రామచంద్రయ్య వైపు చేయి చాచింది. ఆయన భుజానికి ఆనించుకున్న తువ్వాల మూట విప్పి చూపించాడు. అందులో రెండు నెలలు కూడా సరిగ్గా నిండని పసిగుడ్డు ఉంది. లేబులింగ్‌లో పనిచేసే నీరజ కూతురు. నీరజ అప్పుడే చేతులు తుడుచుకుంటూ క్యాంటీన్ వైపు నుంచి వస్తోంది.

"ఈ పిల్లకు ఇంక పేరు గూడ పెట్టలే. నిన్ననే మొక్కిన సారు."

చలపతిరావు చేతిలో కొబ్బరిచెక్కతో అలాగే నిలబడ్డాడు.

"మళ్ళీ ఏడాదా?"

"కాదు సారు." లింగమ్మ పిల్లని గుడి ముందు వంచి లేపింది. "ఈసారి అమ్మవారు పదిహేను నెలలడిగింది."

నీరజ మెట్టు మీద కూర్చుని పిల్లని తీసుకుంది. దుర్గేష్ మైసమ్మ గేటు దగ్గర స్టూలు వేసుకుని, తాళాన్ని జేబులో పడేసుకున్నాడు.